పేరు లేని సప్పుడు

పోయిన వారం మా క్వార్టర్ల వరసలో ఎవరో పాత కారు కొన్నారు. సందు ఇరుకు కావడంతో ఆ కారు ముందుకు పోయేది తక్కువ, వెనక్కి వచ్చేది ఎక్కువ. వెనక్కి వచ్చిన ప్రతిసారీ ఒక పాట పాడుతుంది. ఆ పాట మీరందరూ విన్నారు. కాలింగ్ బెల్లులో విన్నారు, పెళ్లి బ్యాండులో విన్నారు, ఐసు బండి మీద విన్నారు. చిన్నప్పుడు రేడియోలో ఒక కార్యక్రమం అయిపోయి ఇంకొకటి మొదలయ్యేలోపు ఖాళీ నింపడానికి వేస్తే విన్నారు. రెండు మెట్లు ఎక్కుతుంది, మూడో మెట్టు దగ్గర ఆగుతుంది, ఏదో మరిచిపోయినట్టు గబగబా కిందికి దిగుతుంది. ఆ, అదే. పేరు చెప్పండి మరి.

చెప్పలేరు. నేను చెప్పగలను, ఎందుకంటే ఆ పేరు పెట్టింది నేనే. అందుకే కారు వెనక్కి వచ్చినప్పుడల్లా లేచి కిటికీ మూసేస్తున్నాను. దోమల కోసమని మా ఆవిడ అనుకుంటోంది.

నాతో ఆ పేరు పెట్టించిన మనిషి పోయి ఏడాది కావస్తోంది. పోయిన మనిషి కదా, నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చుంటే ముందు విసుగే వస్తోంది. సరే, అదే రాస్తాను.

ఆయన బాయిలో హాలేజీ ఆపరేటరు. మా గోదావరిఖనిలో బొగ్గు గనిని బాయి అంటాం. బొగ్గు నింపిన టబ్బుల వరసను ఇనుప తాడుతో లోపలినుంచి పైకి లాగే యంత్రం హాలేజీ. దాన్ని నడిపే మనిషికి టబ్బులు కనిపించవు. తాడు చీకట్లోకి పోతూ ఉంటుంది, అంతే. అవతలి చివర ఉన్నవాడు తీగ లాగితే ఇవతల గంట మోగుతుంది. ఆగాలంటే ఒక లెక్క, లాగాలంటే ఒక లెక్క, వదలాలంటే ఒక లెక్క. ఆ గంట తప్పుగా వింటే లోపల ఎవరి కాలో పోతుంది. అలా ముప్పై ఏళ్లు ఆ మనిషి చెవులతో బతికాడు.

అందుకే ఆయనకొక సిద్ధాంతం ఉండేది. దాన్ని నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పను, చెప్తే అబద్ధమంటారు.

“బాయిల ప్రతి సప్పుడుకు ఒక పేరుంటది బామ్మర్ది. గంటకున్నది, పంపుకున్నది, ఫ్యానుకున్నది. పేరు తెల్వని సప్పుడు ఇనవడ్డదనుకో, పైకప్పు కదులుతున్నట్టు. సద్దిగిన్నె ఆడనే ఇడిసిపెట్టి ఉరుకుడే.”

నేను ఆయనకు బామ్మర్దిని కాను. మా రెండిళ్లకూ ఏ చుట్టరికమూ లేదు. నేను బాయిమీద మస్టర్ రాసే గుమస్తాను, అంటే ఎవరు డ్యూటీకి వచ్చారో ఎవరు రాలేదో రాసుకునేవాణ్ని. ఒకనాడు కిటికీలోంచి ఆయన నన్ను బామ్మర్దీ అన్నాడు, నేను ఊరుకోక బావా అన్నాను. ఆ ఒక్క మాటతో పదిహేనేళ్లు ఇరుక్కుపోయాను. ఆయన భార్య నాకు అక్క అయింది. ఆ పాట నాకు మేనరికం అయింది.

ఆయన పాట అడిగే పద్ధతి ఇది. ముందు మీ ఎదురుగా నిలబడతాడు. తల కొంచెం ఎడమకు వంచుతాడు. పెదవులు కదలవు, ముక్కులోంచి పాడతాడు. కళ్లు మాత్రం మీ ముఖం మీద ఉంటాయి. పాట మూడో మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఎవరి ముఖమైనా మారుతుంది, విన్న పాటే కదా. మారిన ఆ క్షణంలో మీ మణికట్టు పట్టుకుంటాడు. హాలేజీ బ్రేకు పట్టిన చెయ్యి అది. విడిపించుకోవడం మీవల్ల కాదు.

“ఎరుకైంది గదా? పేరేంది?”

“అయ్యో, ఎరుకే కాకా, అదే, మొన్న గూడ ఇన్న. అదేందంటే...”

అదేందంటే అన్న దగ్గర మనుషులంతా ఆగిపోయేవాళ్లు. ఆయన వదిలేవాడు కాదు. షిఫ్టుకు ఆలస్యమవుతోందన్నా వదలడు, బస్సు వచ్చిందన్నా వదలడు. ఒకసారి పళ్ల డాక్టరు ఆయన పన్ను పట్టుకారుతో పట్టుకుని ఉండగా బయట ఐసు బండి అదే పాట పాడుకుంటూ పోయిందట. ఈయన పన్నుతో సహా పరుగెత్తాడు, డాక్టరు పట్టుకారుతో సహా వెంట పరుగెత్తాడు. చౌరస్తా దాకా ఇద్దరూ జంటగా పోయారు. నేను చూశాను. సరే, చూడలేదు. కాని పేరు అడిగితే ఐసు బండి అతను చెప్పిన జవాబు మాత్రం బావ నోటితోనే విన్నాను.

“పెద్దయ్యా, డబ్బ కొన్ననాడే పాట అండ్ల ఉన్నది. నేను అమ్మేది ఐసే.”

బాయి గేటు ముందు టీ హోటల్లో ఈ విషయం మీద ఒక పంచాయితీ కూడా జరిగింది. నలుగురం టీ తాగుతున్నాం. ఆయన ముక్కుతో పాడాడు. మా పక్క క్వార్టరు టీచరమ్మ పాల ప్యాకెట్లకు వచ్చి నిలబడి, “గది మా చర్చిల క్రిస్మస్‌కు వాయిస్తరు గదన్నా,” అంది. యూనియన్ ఆఫీసులో జెండాలు కట్టే మనిషి ఒప్పుకోలేదు. అది తమ సభల్లో మొదట వాయించేదట, వేరేవాళ్లు తర్వాత పట్టుకుపోయారట. టీ హోటలు నడిపే అవ్వ గరిటె పక్కన పెట్టింది.

“మీరంత పుట్టకముందు నా పెండ్లిల వాయించిండ్రు. నాకు మంచిగ యాదికున్నది.”

“గట్లయితే పేరు చెప్పు అవ్వా.”

“పేరేందిరా. పెండ్లి పాట.”

“నీ పెండ్లికి ముందు దాని పేరేంది?”

అవ్వ బావకేసి చూసింది. “నా పెండ్లికి ముందు సంగతి నాకెట్ల తెలుస్తది? టీ సల్లారుతంది, తాగు,” అంది.

జెండాల మనిషి ఫోను తీశాడు. ఈ మధ్య ఫోనుకు పాడి వినిపిస్తే పాట పేరు చెప్తుంది కదా, పాడమన్నాడు. ఆయన ఫోనును నోటి దగ్గర పెట్టుకుని, అవతల ఆఫీసరు ఉన్నట్టు నిటారుగా నిలబడి పాడాడు. ఫోను ఒక భజన పేరు చెప్పింది. మళ్లీ పాడితే ఒక సబ్బు ప్రకటన అంది. మూడోసారి, నిశ్శబ్దంగా ఉన్న చోట ప్రయత్నించమని సలహా ఇచ్చింది.

“చూసినవా బామ్మర్ది, ఫోనుకు గూడ ఎరుకే. పేరే చెప్పరాదు. గిదేం లోకమే,” అని నా మణికట్టు పట్టుకున్నాడు, ఆ ఫోను నేనే తయారు చేసినట్టు.

ఏళ్ల తరబడి ఇదే వరస. పైన చెప్పిన మణికట్టు నాది కూడా అని మరిచిపోకండి. వారానికి రెండుసార్లు.

చివరికి ఒక వానాకాలం ఫస్ట్ షిఫ్టులో నా ఓపిక తెగింది. ముందురోజు వానకు సగం మంది రాలేదు, ఆ రోజు అందరూ ఒకేసారి వచ్చారు. కిటికీ ముందు వరస గేటు దాకా ఉంది. రిజిస్టరు మీద చూరు నీళ్లు కారుతున్నాయి. అప్పుడు కిటికీ ఊచల్లోంచి ఆ చెయ్యి వచ్చింది. రాసే చేతినే పట్టుకుంది.

“బామ్మర్ది, రాత్రంత ఆలోచన జేసిన. నీకు ఎరుకే. నువ్వే చెప్తలేవు.”

“దొరసాని రేవు,” అన్నాను.

“ఏందీ?”

“పాట పేరు బావా. దొరసాని రేవు. ఇగ ఇడువు.”

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కాని ఆయన ముఖం చూసేసరికి నా నోరు ఊరుకోలేదు. వెనకటికి మన దిక్కు బొగ్గుందో లేదో చూడడానికి ఒక ఇంగ్లీషు ఇంజినీరు వచ్చాడని మొదలుపెట్టాను. ఆ ఇంజినీరు భార్యకు పియానో లేకపోతే అన్నం సహించదు. ఆ పియానోను మూడు ఎడ్లబండ్లు కలిపి కట్టి తెచ్చారు. గోదారి దాటుతుంటే నడి ఇసుకలో బండ్లు దిగబడ్డాయి. ఇరవై మంది బెస్తవాళ్లు తాళ్లు వేసి గుంజి ఒడ్డున పెట్టారు. పాడైందేమో చూద్దామని దొరసాని ఆ ఇసుకలోనే కూర్చుని వాయించింది. లోపల తడి ఇసుక పోయి ఒక మెట్టు పలకలేదు. ఆమె ఆ మెట్టు దగ్గర ఆగింది, చిరాకుపడి గబగబా కిందికి దిగింది. తాళ్లు గుంజినవాళ్లు విన్నది విన్నట్టు ఇళ్లకు పట్టుకుపోయారు. అదే ఈ పాట. ఆ రేవే దొరసాని రేవు.

నాకు పట్టింది రెండు నిమిషాలు. వరసలో ఉన్నవాళ్లు కూడా మస్టర్ సంగతి మరిచిపోయి విన్నారు. ఆయన నా చెయ్యి వదిలేశాడు. పదిహేనేళ్లలో తనంతట తాను వదలడం అదే మొదలు.

“మూడో మెట్టు కాడ ఎందుకాగుతదో గిప్పుడు తెలిసింది,” అన్నాడు మెల్లగా. “ఇసుక వట్టింది.”

పీడ విరగడైందనుకున్నాను. నా బుద్ధి అంతవరకే పనిచేసింది.

ఆ రోజు నుంచి ఆయన పాడడం మానేసి పేరు చెప్పడం మొదలుపెట్టాడు. టీ హోటల్లో, బస్టాండులో, ఫోన్ల షాపులో, “దొరసాని రేవు ఎరుకేనా?” అని అడిగేవాడు. ఎవరికీ తెలియదు. పాడి చూపిస్తే, “ఓ, గదా,” అనేవాళ్లు. ఆయన మండిపడుతూ నా దగ్గరికి వచ్చేవాడు.

“ఇన్నొద్దులు పాట ఎరుకే, పేరు తెల్వదన్నరు. ఇప్పుడు పేరు చెప్తె పాట తెల్వదంటుండ్రు. వీళ్లతోని ఎట్ల ఏగాలె?”

ఆ మధ్యనే ఆయన్ని హాలేజీ నుంచి తీసి, పైన దీపాల గదిలో కూర్చోబెట్టారు. షిఫ్టుకు దిగేవాళ్లకు టోపీ దీపాలు ఇవ్వడం, వచ్చాక తీసుకోవడం పని. మోకాళ్లు నొప్పులని అందరికీ చెప్పాడు. కుంటడం కూడా మొదలుపెట్టాడు. ఒకరోజు ఎడమ కాలు కుంటితే ఇంకోరోజు కుడి కాలు. అబద్ధాల్లో ఆరితేరినవాణ్ని, నేనైనా పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు. నా అబద్ధం గొడవలో నేనున్నాను.

ఆ గొడవ ఒక ఆదివారం పొద్దున అక్క రూపంలో మా గడప దాటింది.

“తమ్మీ, నువ్వు ఏదో రేవన్నవట. తీస్కపోయి చూపెట్టు. లేకుంటె నన్ను తీస్కపోతా అంటుండు. నాకు బట్టలున్నయి ఉతికేటివి.”

“అక్కా, గా రేవు...”

“నాకు రేవు ముచ్చట చెప్పకు. అంటుపెట్టింది నువ్వే, సల్లార్పేది నువ్వే,” అని వెళ్లిపోయింది. వెనకాలే ఆయన, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డాడు.

అలా నేను పుట్టించిన రేవును వెతకడానికి నేనే ఆటో మాట్లాడాను. వంతెన దాటి జైపూర్ వైపు ఒడ్డుకు పోయాం. దారంతా ఒక్కటే ఆలోచన. అడుగుదాం, ఎవరూ తెలియదంటారు, అప్పుడు నిజం చెప్పేసి నాలుగు తిట్లు తిని ఇంటికి పోదాం. మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. బావా, ఆ రోజు వాన పడుతున్నది, వరస పెరిగిపోయింది, నోటికొచ్చింది అన్న.

ఒడ్డున ఒక పెద్దమనిషి వల బాగు చేసుకుంటున్నాడు. నేను నోరు తెరవకముందే ఈయన అడిగాడు.

“మామా, ఈడ దొరసాని రేవు యాడుంటది?”

వలాయన తల ఎత్తలేదు. “దొరసాని రేవా? గా తుమ్మలున్నయి చూడు, వాటికి ఇవతల,” అన్నాడు.

నేను ఆయన పక్కన కూలబడ్డాను. “నీకెట్ల ఎరుక మామా?”

“గిదేం మాట? పుట్టినకాడికెల్లి ఈడనే ఉంటున్న. రేవు తెల్వదా? బ్యారేజీ కట్టినంక నీళ్లల్ల మునిగింది. ఇప్పుడు పోయినా ఏం కనవడది.”

పాట పేరు అడిగితే తెలియదనడానికి మొహమాటపడే జనం, దారి అడిగితే మాత్రం తెలియదంటారా? ఇంతమందిని ఇన్నేళ్లు నమ్మించాను గాని, రేవును నీళ్లలో ముంచెయ్యాలన్న ఊహ నాకు తట్టలేదు. ఇక ఎవరూ దాన్ని అబద్ధమని తేల్చలేరు. ఆ వలాయన ముందు నేను పసివాణ్ని. నాకు కడుపు మండింది.

ఈయన తుమ్మల దాకా నడిచాడు. చెప్పులు విడిచి, నీటి అంచున నిలబడి, మునిగిపోయిన రేవును చూస్తూ ముక్కుతో పాడాడు. నేను వెనక నిలబడి నిజం చెప్పడానికి గొంతు సవరించుకున్నాను. అప్పుడు ఇసుక ట్రాక్టరు ఒకటి వంపు తిరిగి, ఆయన నిలబడ్డ బాట మీదికే దిగింది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆయన కదల్లేదు. మళ్లీ కొట్టాడు, అరిచాడు. ఆయన పాడుతూనే ఉన్నాడు. నేను ఉరికి రెక్క పట్టి పక్కకు గుంజాను. ఇద్దరం ఇసుకలో పడ్డాం. ట్రాక్టరు డ్రైవరు మా ఇద్దరి వంశాలనూ తిడుతూ పోయాడు.

“చెవుడా బావా నీకు?” అన్నాను కోపం ఆపుకోలేక.

ఆయన నా పెదవులకేసి చూశాడు. చొక్కాకు అంటిన ఇసుక దులుపుకున్నాడు.

“కుడిది పోయి రెండేండ్లాయె. ఎడమది కొద్దిగున్నది. హాలేజీ మోత గదా, మెల్లగ తిన్నది. పెద్దదవాఖానల చూసి చెప్పిండ్రు, గిది గూడ పోతదని. మోకాళ్లని చెప్పుకున్న. గంటలు ఇన్న మనిషికి చెవులు పోయినయంటె నవ్వుతరు.”

నేను ఆయన చెప్పులు తెచ్చి ముందు పెట్టాను. ఆయనే అన్నాడు.

“పేరు కోసం ఎందుకు ఇంత లొల్లి వెడ్తున్నడు వీడు అనుకుంటున్నవు గదా. చెప్పుత. నాకు ఇష్టమైన పాట గదొక్కటే. పేరు లేని పాటను అడుగాల్నంటె పాడి చూపెట్టాలె. పాడాల్నంటె నా పాట నాకు ఇనవడాలె. ఇప్పుడే తప్పుతున్న, మొన్న ఫోను గూడ గుర్తువట్టలే. చెవులు మొత్తం పోయినంక ఎట్ల అడుగుత? పేరుంటె అడుగుత. గది వాయించుండ్రి అంట, వాయిస్తరు. నాకు ఇనవడకున్నా, వాయిస్తున్నరని నాకు ఎరుకుంటది. వచ్చే ఏడు రిటైరయిత. గానాడు బాయి గేటుకాడికెల్లి ఇంటిదాంక బ్యాండుతోని తీస్కపోతరు గదా, పేరు వెట్టి అడుగుత. ఇగ ఫికర్ లేదు. పేరు దొరికింది.”

సిద్ధం చేసుకున్న మాటలన్నీ మింగేశాను. ఇసుక కూడా కొంత మింగాను.

ఆ మరుసటి వారం నుంచి నా బతుకు చూడాల్సింది. నేను పుట్టించిన పేరు నిజం కావాలంటే ఊరంతటికీ తెలియాలి. టీ హోటలు అవ్వ దగ్గరికి పోయి ముక్కుతో పాడాను. “అవ్వా, దీని పేరు దొరసాని రేవు. యాది వెట్టుకో.” అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసింది. “నీకు గూడ తలిగిందా గది,” అంది. టీచరమ్మకు చెప్పాను. ఆమె చర్చిలో వాయిద్యాలవాళ్లను అడిగి చెప్తానంది, ఆ తర్వాత నన్ను చూస్తే వేరే సందులోంచి పోయేది. జెండాల మనిషి ఆ పేరులో దొరసాని ఉంది కాబట్టి యూనియన్‌కు పనికిరాదన్నాడు. ఒక్కొక్కరికి మూడేసిసార్లు చెప్పాను. నాలుగోసారి అడిగితే, “అరె, ఎరుకే, అదేందంటే...” అని ఆగిపోయేవాళ్లు. ఒకనాడు నా చెయ్యి ఎవరిదో మణికట్టు పట్టుకుని ఉండడం నేనే చూసుకున్నాను. సిగ్గేసి వదిలేశాను.

ముఖ్యమైనది బ్యాండు. మా దగ్గర రిటైరయ్యే మనిషిని దండలు వేసి, పైకప్పు లేని జీపులో నిలబెట్టి, బ్యాండుతో ఊరేగించి క్వార్టరుకు చేర్చడం ఆనవాయితీ. ఆ ఊరేగింపులన్నిటికీ మార్కెట్ దగ్గరి మేళమే వస్తుంది. దాని పెద్ద, క్లారినెట్ వాయించే మనిషి, ముప్పావు గంట నా ముక్కు పాట ఓపిగ్గా విన్నాడు.

“గిది మేం రోజు వాయించేదే గదన్నా.”

“వాయించేదే. పేరు దొరసాని రేవు. ఆయన పేరు చెప్పి అడుగుతడు. నువ్వు ఏం పాట అని అడుగొద్దు. ఎరుకున్నట్టు తలకాయ ఊపి వాయించాలె. గంతే.”

అతను జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి, పాటల జాబితా కింద ఆ పేరు రాసుకున్నాడు. అతను రాసింది రెండుసార్లు చదివి చూశాను. అక్షరం తప్పు లేదు. ఆరు నెలల్లో నాలుగుసార్లు పోయి ఆ మనిషికి గుర్తుచేశాను. నాలుగోసారి దూరం నుంచే, “దొరసాని రేవు, దొరసాని రేవు,” అని చేతులు జోడించాడు.

ఇంతలో బావ ఎడమ చెవి కూడా మూసుకుపోయింది. అక్క సైగలతో మాట్లాడడం నేర్చుకుంది, తిట్లు మాత్రం నోటితోనే తిట్టేది. ఆయన ముక్కుపాటలో ఎక్కడం, ఆగడం, దిగడం మిగిలాయి గాని రాగం ఎటో పోయింది. కొత్తగా వినేవాళ్లెవరికీ అది పాటని తెలిసేది కాదు. ఊళ్లో దాన్ని గుర్తుపట్టగలిగేవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను.

రిటైర్మెంటు రోజు వచ్చింది. మధ్యాహ్నం ఎండలో బాయి గేటు ముందు జీపు నిలబెట్టారు. ఆయన మెడలో దండలు గడ్డం దాకా ఉన్నాయి. అక్కను పక్కన నిలబెట్టారు. నేను జీపు చక్రం పక్కనే నిలబడ్డాను. మేళం వచ్చింది. చూస్తే క్లారినెట్ పట్టుకున్నది నేను నేర్పిన మనిషి కాదు, అతని తమ్ముడు. అన్న పెద్దపల్లిలో పెళ్లికి పోయాడట. నేను జీపు చుట్టూ తిరిగి అతని దగ్గరికి చేరేలోపే బావ జీపులోంచి వంగి, చెవులు పోయినవాళ్లు మాట్లాడేంత గట్టిగా అడిగాడు.

“దొరసాని రేవు వాయించాలె.”

ఆ తమ్ముడు తడుముకోలేదు. నోటు పుస్తకం తీశాడు, చూశాడు, తల ఊపాడు. “ఉన్నది కాకా,” అన్నాడు. బావ నాకేసి చూసి నవ్విన నవ్వు ఆ పదిహేనేళ్లలో నేను చూడలేదు. నాకు కూడా ఊపిరి వచ్చింది.

డప్పులు లేచాయి, క్లారినెట్ ఎత్తుకుంది. వేరే పాట. పెళ్లికొడుకు గుర్రం ముందు కుర్రాళ్లు ఎగిరే పాట, అది కూడా మీకు తెలిసిందే, దాని పేరు కూడా ఎవరికీ తెలియదు. పుస్తకంలో పేరు ఉంది. ఏ పాట పేరో పుస్తకంలో లేదు. తలకాయ ఊపి వాయించమని అన్నకు చెప్పిన మాట తమ్ముడి దాకా చేరింది, పాట చేరలేదు.

నేను చెయ్యెత్తి ఆపించబోయాను. ఆపిస్తే నేను పాడి వినిపించాలి, అతను “ఓ, గదా,” అనాలి, అప్పుడు వాయించాలి. అదంతా బావ జీపులోంచి చూస్తాడు. పేరు పనిచెయ్యలేదని చూస్తాడు. ఎత్తిన చేత్తో జుట్టు సవరించుకున్నాను.

బావ క్లారినెట్ మీద పరుగెత్తే వేళ్లను చూస్తున్నాడు. కొంచెం అనుమానంగా చూస్తున్నాడు. జీపు పక్కనే నడుస్తున్న పెద్ద డోలు మీద అరచెయ్యి ఆనించాడు.

“జల్ది కొడుతుండ్రు బామ్మర్ది,” అన్నాడు.

ఈ కాలం పిల్లలంతే అన్నట్టు చేతులు తిప్పాను.

“గదే గదా?”

నేను జీవితంలో ఎన్నో చెప్పాను, ఎడ్లబండ్లు, పియానోలు, ఇంకా పెద్దవి. వాటన్నిటికీ నోరు సాయం చేసింది. ఈసారి నోటికి పని లేదు. ఆయన కళ్లలోకి చూసి తల ఊపాను.

ఆయన కళ్లు మూసుకుని ముక్కుతో అందుకున్నాడు. డోలు ఒక దారిలో, ఆయన ఒక దారిలో. జీపు కదిలింది. గేటు దాటి, హోటలు దాటి, క్వార్టర్ల వైపు తిరిగింది. క్లారినెట్ మనిషి వాయించడం ఆపకుండానే నా పక్కకు జరిగాడు. ఊపిరి తీసుకునే సందులో నా చెవి దగ్గర అడిగాడు.

“అన్నా, కాక ఏదో వేరే పాడుతున్నట్టున్నడు?”

“వేరేది కాదు, గదే,” అన్నాను. “నువ్వు వాయించు.”